కారు వెనక షాక్‌లు, స్ప్రింగులు: ఇంట్లో మార్చుకోవాలా, షెడ్డుకు ఇవ్వాలా?

తిరుపతిలో ఇల్లున్న వాళ్ల కారు సగం చుట్టాలదే. రేణిగుంట స్టేషన్లో దిగినవాళ్లను ఎక్కించుకురావడం, మర్నాడు తెల్లవారుజామునే అలిపిరి దాటి కొండకు తీసుకెళ్లడం, దర్శనమయ్యాక తిరుచానూరు, టైముంటే కాణిపాకం. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు, ఒళ్లో ఒక పిల్ల, డిక్కీ నిండా బ్యాగులు. ఇలా తిరిగే కార్లకు వెనక సస్పెన్షన్ (స్ప్రింగులు, షాకబ్జర్లు) మీద పడే భారం తక్కువేమీ కాదు.

మా చిన్న హ్యాచ్‌బ్యాక్ 70 వేల కిలోమీటర్లు తిరిగేసరికి, నలుగురు ఎక్కితే వెనక భాగం కుంగిపోయి స్పీడ్ బ్రేకర్ల మీద గీసుకోవడం మొదలైంది. షెడ్డులో చూపిస్తే మెకానిక్ వెనక రెండుసార్లు నొక్కి చూసి "షాకులు పోయినాయి సార్" అన్నాడు. మార్పించాను. కారు ఊగడం తగ్గింది. కానీ తర్వాతి వారం మా పెద్దమ్మ వాళ్లు వచ్చినప్పుడు అదే స్పీడ్ బ్రేకర్ దగ్గర అదే చప్పుడు. కుంగింది స్ప్రింగులని ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియలేదు. తర్వాత తెలుసుకుని స్ప్రింగులను నేనూ మా బావమరిదీ కలిసి ఇంటి దగ్గరే మార్చాం. ఆపైన దగ్గరివాళ్ల కార్లు నాలుగైదు చూశాను. అందుకే ఎవరు అడిగినా ముందు ఒకటే చెబుతాను. పోయిన భాగం ఏదో తేల్చుకోండి. ఇంట్లో చేయాలా బయట చేయించాలా అన్నది ఆ భాగాన్ని చూసి నిర్ణయించుకోండి, కూలీ ఎంత మిగులుతుందో చూసి కాదు.

బరువు మోసేది స్ప్రింగు, ఊపు ఆపేది షాక్

ఈ ఒక్క తేడా తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది. కారు బరువును మోసేది స్ప్రింగు. షాకబ్జర్ బరువు మోయదు. దాని లోపల నూనెలో ఒక పిస్టన్ కదులుతుంది. నూనె చిన్న చిన్న రంధ్రాల గుండా వెళ్లాల్సి రావడంతో కదలిక నెమ్మదిస్తుంది, స్ప్రింగు ఊపు వేడిగా మారిపోతుంది. షాక్ పోతే కారు గుంత దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది. స్ప్రింగు పోతే కారు కుంగుతుంది. కుంగిన కారుకు కొత్త షాక్‌లు వేస్తే ఊపు తగ్గుతుంది, ఎత్తు మాత్రం రాదు. సరిగ్గా నా విషయంలో జరిగింది అదే.

ఎత్తు చూడటానికి పెద్ద సాధనాలు అక్కర్లేదు. చదునైన నేల మీద ఖాళీ కారు నిలిపి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలవండి. ఎడమ, కుడి రెండూ రాసుకోండి. అదే మోడల్, అదే సైజు టైర్లు ఉన్న కొత్త కారు తెలిసినవాళ్ల దగ్గర ఉంటే దాన్నీ కొలవండి. రెండు వైపుల మధ్య తేడా కంటికి ఆనేంత ఉంటే ఒక స్ప్రింగు విరిగి ఉండొచ్చు. విరిగిన స్ప్రింగు చాలాసార్లు కింది చుట్టు దగ్గరే తెగుతుంది. రబ్బరు సీటులో కూర్చుని ఉంటుంది కాబట్టి పైకి కనబడదు. టార్చి వేసి వెతకాలి.

షాక్ సంగతి చూడాలంటే దాని ఒంటి మీద నూనె జాడ చూడండి. సన్నని పొరలా మసక ఉంటే భయపడక్కర్లేదు, అది మామూలే. సగం దాకా నల్లగా తడిసి, దుమ్ము ముద్దగా అంటుకుని ఉంటే అది పోయినట్టే. చేత్తో నొక్కి వదిలి చూసే పరీక్ష మన షెడ్లలో అందరూ చేస్తారు. పూర్తిగా చచ్చిపోయిన షాక్‌ను మాత్రమే అది పట్టిస్తుంది, సగం అరిగినదాన్ని పట్టించదు. దానికంటే టైరు నయం. వెనక టైరు ముఖం మీద అరచేయి పెట్టి చుట్టూ నిమరండి. అక్కడక్కడా పల్లాలు, మెట్లు తగిలితే ఆ టైరు రోడ్డును అంటిపెట్టుకోకుండా గెంతుతూ తిరిగిందని అర్థం.

చప్పుళ్ల విషయంలో తొందరపడకండి. డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ, సామాన్లు అన్నీ తీసి ఒకసారి అదే రోడ్డు మీద తిప్పి చూడండి. మా వీధిలో ఒకాయన వెనక నుంచి టకటకమంటోందని రెండు నెలలు టెన్షన్ పడ్డాడు. చివరికి చూస్తే జాకీ తన గూట్లో వదులుగా ఆడుతోంది. నిజంగా సస్పెన్షన్ చప్పుడే అయితే చిన్న చిన్న గతుకుల మీద టక్‌టక్ అనేది ఎక్కువగా షాక్ పైన ఉండే రబ్బరు మౌంటు. పెద్ద గుంతలో ధడేలుమంటే బంప్ స్టాప్, అంటే సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ కాచే మెత్తని దిమ్మె, అరిగిపోయి ఉండొచ్చు. మలుపు తిరిగేటప్పుడు వెనక తోక కాస్త ఆలస్యంగా వస్తున్నట్టు అనిపిస్తే యాక్సిల్ బుష్‌లను, అంటే వెనక యాక్సిల్ కారు బాడీకి కలిసే చోట ఉండే రబ్బర్లను, అనుమానించాలి.

మీ కారు వెనక ఏముంది?

మారుతి స్విఫ్ట్, హ్యుందాయ్ ఐ10, ఐ20, హోండా సిటీ లాంటి ముందు చక్రాలతో నడిచే కార్లలో వెనక టార్షన్ బీమ్ ఉంటుంది. రెండు చక్రాలను కలుపుతూ ఒక ఉక్కు దూలం, దాని మీద ఇరువైపులా స్ప్రింగులు, పక్కనే విడిగా షాక్‌లు. ఇంటి దగ్గర పని చేసుకునేవాళ్లకు ఇంతకంటే అనుకూలమైన అమరిక లేదు. స్ప్రింగూ షాకూ వేర్వేరుగా ఉంటాయి కాబట్టి షాక్ విప్పడానికి స్ప్రింగును బిగించి పట్టాల్సిన పనిలేదు.

బొలెరో, ఓమ్ని లాంటి వాటికి వెనక కమాన్ పట్టీలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగు) ఉంటాయి. వీటి షాక్‌లు మార్చడం ఇంకా సులువు. చక్రాలు నేల మీద ఉండగానే చాలావరకు అయిపోతుంది. పట్టీల పని మాత్రం ఇంట్లో వద్దు. పట్టీలను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు బిగించడానికి చాలా బలం కావాలి. పట్టీల బరువూ తక్కువ కాదు. ఒక పట్టీ విరిగితే మిగతావాటిని కూడా విప్పి చూడాలి. మామిడికాయల సీజన్లో చిత్తూరు చుట్టుపక్కల తిరిగే బండ్లకు ఈ పనులు చేసీ చేసీ చేయి తిరిగిన మేస్త్రీలు ఉన్నారు. అది వాళ్లకే వదిలేయండి.

కొన్ని కార్లలో వెనక కూడా స్ప్రింగు షాక్ చుట్టూ చుట్టుకుని ఒకే ముక్కగా ఉంటుంది. ముందు చక్రాల దగ్గర దాదాపు అన్ని చిన్న కార్లకూ ఇదే తీరు. ఆ స్ప్రింగు నొక్కుకుని కూర్చుని ఉంటుంది. పై నట్టు విప్పితే మనిషిని చంపేంత బలంతో ఎగిరిపడుతుంది. దాన్ని బిగించి పట్టే కంప్రెసర్లు కిరాయికి దొరికినా సరే, మొదటిసారి చేసేవాళ్లు ఆ పని పెట్టుకోవద్దు. వంగి టార్చి వేసి చూడండి. వెనక స్ప్రింగు షాక్‌కు చుట్టుకుని కనబడితే, మీకు ఇంట్లో పని చేసుకునే దారి మూసుకుపోయినట్టే.

ఏ సామాను కొనాలి?

ఇక్కడ నా అభిప్రాయం గట్టిది. రీకండిషన్ షాక్‌లు కొనకండి. పాత షాక్‌ను కోసి, కొత్త నూనె పోసి, మళ్లీ వెల్డింగ్ చేసి, నల్లరంగు వేసి అమ్ముతారు. లోపల అరిగిన వాల్వ్, గీతలు పడిన రాడ్ అలాగే ఉంటాయి. పాత కార్ల నుంచి విప్పిన సెకండ్‌హ్యాండ్ షాక్‌లు కూడా అంతే. చెన్నై పుదుపేటలో ఇలాంటి పాత సామాను ఎంతైనా దొరుకుతుంది. తలుపు గొళ్లేలు, అద్దాలు, సీట్లు అక్కడ కొనుక్కోండి, తప్పులేదు. మనుషుల ప్రాణాలు ఆధారపడే భాగాలు మాత్రం కొత్తవే వేయాలి.

మిగిలేది రెండు దారులు. కారు కంపెనీ పేరుతో వచ్చే ఒరిజినల్ సామాను ఒకటి. గాబ్రియల్, మన్రో, కేవైబీ లాంటి షాక్‌లు తయారుచేసే కంపెనీల సామాను రెండోది. కారు కంపెనీలు షాక్‌లను సొంతంగా చేసుకోవు, ఇలాంటి తయారీదారుల దగ్గరే కొంటాయి. 1961లో మొదలైన గాబ్రియల్ ఇండియా ఇప్పటికీ మన దేశంలో ఎన్నో బండ్లకు షాక్‌లు సరఫరా చేస్తోంది. కాబట్టి అసలైన బ్రాండెడ్ షాక్ తక్కువరకమేమీ కాదు. నేనైతే షాక్‌లు బ్రాండెడ్‌వి తీసుకుంటాను, ధర కాస్త తగ్గుతుంది. స్ప్రింగులు మాత్రం కారు కంపెనీవే కొంటాను. స్ప్రింగు ఎత్తు, గట్టిదనం మోడల్‌ను బట్టే కాదు, పెట్రోలా డీజిలా సీఎన్‌జీయా అన్నదాన్ని బట్టి కూడా మారుతాయి. ఛాసిస్ నంబరు ఇచ్చి పార్ట్ నంబరు తీయిస్తే తప్పు జరగదు.

సీఎన్‌జీ అన్నాను కాబట్టి ఒక మాట. ఫ్యాక్టరీ నుంచే సీఎన్‌జీతో వచ్చిన కారుకు వెనక స్ప్రింగులు ఆ బరువుకు తగ్గట్టు ఉంటాయి. తర్వాత బయట కిట్ పెట్టించుకున్న కారుకు ఉండవు. డిక్కీలో ఆ సిలిండర్ ఒక మనిషి అంత బరువు, ఎప్పుడూ దిగని మనిషి. అలాంటి కారు వెనక కుంగితే అదే మోడల్ సీఎన్‌జీ స్ప్రింగులు దొరుకుతాయేమో ముందు అడగండి.

స్ప్రింగులు మార్చకుండా చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. జాకీతో లేపి చేత్తో దూర్చేయవచ్చు, కారు వెంటనే అంగుళం లేస్తుంది, ఖర్చు తక్కువ. దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. స్ప్రింగు బాగానే ఉండి, ఎప్పుడో ఒకసారి బరువు వేసేవాళ్లకు అది పనికొస్తుంది. కానీ బఫర్ పెట్టిన చోట ఆ చుట్టు పనిచేయడం మానేస్తుంది. దాని వంతు పని మిగతా చుట్ల మీద పడుతుంది. అప్పటికే అలిసిన స్ప్రింగుకు అది ఇంకో భారం. పైగా ఖాళీ కారులో గతుకులు నేరుగా నడుముకు తగులుతాయి. ఇంట్లో వెన్నునొప్పి ఉన్న పెద్దవాళ్లుంటే ఆ తేడా మొదటి రోజే చెబుతారు. కుంగిన స్ప్రింగుకు మందు కొత్త స్ప్రింగే.

నూనె షాకా, గ్యాస్ షాకా అని అడుగుతుంటారు. గ్యాస్ షాక్‌లో కూడా నూనే ఉంటుంది. నూనె నురగ కట్టకుండా నైట్రోజన్ నింపుతారు, అంతే. వరసగా గతుకులున్న రోడ్డు మీద నూనె షాక్ వేడెక్కి పట్టు తగ్గుతుంది, గ్యాస్‌ది అంత త్వరగా తగ్గదు. భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లెకు, మొగిలి మీదుగా పలమనేరుకు బరువుతో తరచూ తిరిగేవాళ్లకు గ్యాస్ మేలు. ఊళ్లోనే తిరిగే కారుకు ఏది ముందు ఉందో అదే వేసుకోండి.

కొనేటప్పుడు నాలుగు చిన్న వస్తువులు మరచిపోవద్దు. బంప్ స్టాపులు, దుమ్ము గొట్టాలు, పై రబ్బరు మౌంట్లు, కొత్త నట్లు. పాత బంప్ స్టాప్ చేతిలోకి తీసుకుంటే మరమరాల్లా పొడైపోతుంది. అవి లేకుండా కొత్త షాక్ బిగిస్తే మొదటి పెద్ద గుంతలోనే షాక్ అడుగు తగులుతుంది. ఊళ్లో దొరకకపోతే చెన్నై జీపీ రోడ్డులోనో, బెంగళూరు జేసీ రోడ్డులోనో స్పేర్ పార్ట్స్ దుకాణాలు వరసగా ఉంటాయి. వేరే పనిమీద వెళ్లినప్పుడు పార్ట్ నంబరు చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఇంకో సంగతి, ఏదైనా జతగానే మార్చాలి. ఎడమ షాక్ ఒక్కటే కారినా కుడిది కూడా మార్చండి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు రెండు వెనక చక్రాలూ రెండు రకాలుగా నడుచుకుంటాయి.

ఇంట్లోనా, షెడ్డులోనా, కంపెనీ సర్వీసులోనా?

వారంటీ ఉన్న కారైతే ఆలోచించక్కర్లేదు, కంపెనీ సర్వీసుకే వెళ్లండి.

వారంటీ దాటిన కారుకు ఊళ్లో మంచి షెడ్డు ఉంటే అది చాలామందికి సరైన దారి. మంచి షెడ్డును గుర్తుపట్టడానికి నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. పాత సామాను నాకు చూపిస్తారా? రెండు వైపులా మారుస్తారా? బుష్ బోల్టు చివరి బిగింపు కారు నేల మీద ఉన్నప్పుడు చేస్తారా, లేచి ఉన్నప్పుడా? మూడో ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే మేస్త్రీ దొరికితే ఇంకెక్కడికీ వెళ్లకండి. దాని సంగతి కింద చెబుతాను. ఆటోనగర్‌లో పేరున్న చోట కూడా, పని జరుగుతున్నంతసేపూ దగ్గరే నిలబడండి. మన కారు కింద ఏముందో కళ్లతో చూసే అవకాశం మళ్లీ మళ్లీ రాదు.

యాక్సిల్ బుష్‌లు పోతే షెడ్డు తప్ప దారి లేదు. దూలాన్ని వదులు చేసి, బ్రేకు పైపులు కాపాడుకుంటూ, ప్రెస్సుతో పాత బుష్ తోసేసి కొత్తది ఒక్క డిగ్రీ అటూఇటూ కాకుండా దించాలి. సుత్తితో కొట్టి ఎక్కించే చోట వద్దు. మన దగ్గర ఎముక విరిగితే పుత్తూరు వెళ్తాం, ఎవరికి పడితే వాళ్లకు చేయి ఇవ్వం. ఈ పనికి కూడా అలాంటి చేయి తిరిగినవాళ్లే కావాలి.

ఇక ఇంట్లో చేసుకోవడం. డబ్బు మిగులుతుందని మొదలుపెట్టకండి. మంచి జాక్ స్టాండ్లు (లేపిన కారును మోసే ఉక్కు స్టాండ్లు), ట్రాలీ జాకీ, టార్క్ రెంచి (బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే స్పానర్), సాకెట్ సెట్ కొంటే మొదటిసారి అయ్యే ఖర్చు షెడ్డు కూలీకి చాలా రెట్లు. ఇంట్లో చేసుకోవడం ఎవరికి సరిపోతుందంటే, సాధనాలు ముందే ఉన్నవాళ్లకు, గచ్చు వేసిన చదునైన చోటు ఉన్నవాళ్లకు, ఒక పూట తొందర లేకుండా కేటాయించగలిగినవాళ్లకు, పక్కన ఇంకో మనిషి ఉన్నవాళ్లకు. ఈ నాలుగింటిలో ఒక్కటి లేకపోయినా షెడ్డుకు ఇవ్వండి. ముఖ్యంగా చోటు. మన ఇళ్లకు గేటు దగ్గర ర్యాంపు ఉంటుంది, కారు సగం వాలులో నిలుస్తుంది. అక్కడ కారు లేపకూడదు. మట్టి నేల మీద, వీధిలో తారు రోడ్డు మీద కూడా వద్దు. మే నెల ఎండకు తారు మెత్తబడి స్టాండు కాలు దిగిపోతుంది.

నేను ఇంట్లో చేసింది డబ్బు కోసం కాదు. మొదటిసారి తప్పు సామాను మార్పించుకున్నాక, నా పిల్లలు ఎక్కే కారు కింద ఏముందో నాకు తెలియకపోవడం నచ్చలేదు.

ఇంట్లోనే అనుకుంటే ఇవి తెలుసుకుని దిగండి

ముందు రోజు రాత్రే బోల్టుల మీద డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేయండి. బోల్టు మరల మీది దుమ్మును వైర్ బ్రష్‌తో తోమండి. పై నట్టు ఎక్కడుందో కూడా అప్పుడే చూసుకోండి. కొన్ని కార్లలో డిక్కీ లోపల ప్లాస్టిక్ కింద ఉంటుంది, కొన్నిట్లో చక్రం గూట్లోనే ఉంటుంది.

అందరూ పొరపాటు పడే చోటు ఒకటుంది. హ్యాండ్ బ్రేక్ పనిచేసేది వెనక చక్రాల మీద. వెనక భాగం గాల్లోకి లేస్తే ఆ బ్రేకు కారును పట్టుకోదు. ముందు చక్రాలతో నడిచే కారైతే ఇంజన్ ఆపి ఫస్ట్ గేరులో వదలండి, గేరు ముందు చక్రాలను పట్టి ఉంచుతుంది. ఓమ్ని, బొలెరో లాంటి వెనక చక్రాలతో నడిచే బండ్లలో గేరు కూడా వెనక చక్రాలనే పడుతుంది. వాటిని లేపాల్సి వస్తే ముందు చక్రాలను ఆపేది కింద పెట్టే అడ్డాలు మాత్రమే. ఏ బండికైనా ముందు రెండు చక్రాలకూ ముందూ వెనకా గట్టి చెక్క దిమ్మెలు పెట్టండి. గుండ్రాళ్లు పనికిరావు.

చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే కాస్త వదులు చేయండి. జాకీతో లేపి, మాన్యువల్‌లో చూపించిన చోట జాక్ స్టాండ్లు పెట్టి దించండి. కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికే. దాని మీద ఆధారపడి కారు కింద చేయి కూడా పెట్టకూడదు. ఇటుకల మీద అసలు వద్దు, బరువుకు ఇటుక చెప్పకుండానే చిట్లిపోతుంది. స్టాండ్ల మీద దించాక కారును రెండు చేతులతో గట్టిగా ఊపి చూడండి. ఇప్పుడు పడిపోకపోతేనే కిందికి వెళ్లండి. విప్పిన చక్రాలను కారు అంచు కింద పడుకోబెట్టండి. ఏదైనా జారినా కారు చక్రం మీద ఆగుతుంది, మీ మీద కాదు. మా బావమరిది ఈ జాగ్రత్తలన్నీ చూసి "ఇంతెందుకు బావా, అరగంట పనేగా" అన్నాడు. ఈ పనిలో దెబ్బతినేది ఆ అరగంట అనుకునేవాళ్లే.

దూలం కింద, మారుస్తున్న చక్రం వైపు, రెండో జాకీ ఆనించండి. షాక్ కింది బోల్టు తీయగానే దూలం కిందికి జారుతుంది. షాకే దాన్ని ఒక హద్దులో పట్టి ఉంచుతుంది మరి. జాకీ ఆధారం లేకపోతే బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు సాగుతాయి. ఒకవైపు పూర్తి చేశాకే రెండో వైపు మొదలుపెట్టండి. పై నట్టు తిప్పితే రాడ్ కూడా దానితోపాటు తిరుగుతుంది. రాడ్ కొనకు చిన్న స్పానర్ వేసి పట్టుకోండి. రాడ్‌ను మధ్యలో కటింగ్ ప్లయర్‌తో పట్టొద్దు. పాతదానికి ఏమీ కాదు కానీ కొత్తదానికి అలా చేస్తే మెరుపు మీద గీత పడి, ఆ గీత సీలును కోసి, నెలలోనే నూనె కారుతుంది.

కొత్త నూనె షాక్ దుకాణంలో పడుకుని ఉండటంతో లోపల పిస్టన్ కదిలే చోటికి గాలి చేరి ఉంటుంది. నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగండి. మొదట మధ్యలో ఖాళీగా జారినట్టు ఉండి, తర్వాత ఒకే బరువుగా కదులుతుంది. అప్పుడు బిగించండి. గ్యాస్ షాక్‌కు పట్టీ కట్టి వస్తే రెండు చివర్లూ కుదిరాక మాత్రమే ఆ పట్టీ కోయండి.

ఇప్పుడు షెడ్డులో అడగమన్న మూడో ప్రశ్న. షాక్ కింది కంట్లో, అంటే బోల్టు దూరే రంధ్రంలో, రబ్బరు బుష్ ఉంటుంది. కారు లేచి, చక్రం వేలాడుతున్నప్పుడు బోల్టు పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే అతుక్కుంటుంది. కారు దించగానే అది మెలి తిరుగుతుంది, ఆ తర్వాత ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. కొన్ని వేల కిలోమీటర్లకే చిరుగుతుంది, మళ్లీ టక్‌టక్. అందుకే పైకి లేచి ఉన్నప్పుడు చేత్తో పట్టేంత వరకే బిగించి, కారు తన కాళ్ల మీద నిలబడ్డాక మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు చివరి బిగింపు చేయాలి. తొందరలో ఉన్న షెడ్లు ఎక్కువగా వదిలేసేది ఈ ఒక్క పనినే.

స్ప్రింగులు మార్చాలంటే ఇంకో అడుగు ఎక్కువ. రెండు వైపులా షాక్ కింది బోల్టులు తీసి, దూలం కింద జాకీతో మెల్లగా, ఒక్కో అంగుళం దించాలి. బ్రేకు గొట్టాలు బిగుసుకుంటున్నాయా అని పక్కనున్న మనిషి చూస్తూ ఉండాలి. ఎక్కువ కార్లలో దూలం పూర్తిగా దిగేసరికి స్ప్రింగు చేతికి వదులుగా వచ్చేస్తుంది. ఇంకా బిగుతుగా ఉంటే లాగొద్దు, గడ్డపారతో ఎత్తొద్దు. అక్కడితో ఆపి మేస్త్రీని పిలవండి. కొత్త స్ప్రింగు పెట్టేటప్పుడు కింది రబ్బరు సీటులో ఒక మెట్టు ఉంటుంది, స్ప్రింగు కొన ఆ మెట్టుకు ఆనాలి. మేం మొదటిసారి ఒకవైపు అది గమనించలేదు. కారు దించాక ఆ వైపు అర అంగుళం ఎత్తుగా కనబడి మళ్లీ విప్పాల్సి వచ్చింది.

షాక్‌లు, స్ప్రింగులు మాత్రమే మార్చితే టార్షన్ బీమ్ కార్లకు వెనక అలైన్‌మెంట్ చేయించే పని సాధారణంగా ఉండదు. అక్కడ సర్దుబాటు చేసే బోల్టులే ఉండవు. బుష్‌ల కోసం దూలం కదిపితే మాత్రం ఒకసారి కొలిపించండి.

కొండకు వెళ్లే ముందు

పని అయిన మర్నాడే చుట్టాలను ఎక్కించుకుని ఘాట్ ఎక్కకండి. ఇద్దరితో చంద్రగిరి దాకా వెళ్లి రండి. కొత్త చప్పుడు ఉందా, కారు ఒకవైపు లాగుతోందా చూడండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు, షాక్ బోల్టులు మళ్లీ ఒకసారి టార్క్ రెంచితో చూసుకోండి.

ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే వెనక సస్పెన్షన్‌కు అసలు పరీక్ష. దిగడానికి వాడేది 1944లో మొదలైన పాత ఘాట్ రోడ్డు, మలుపుల మీద మలుపులు. బ్రేకు వేసిన ప్రతిసారీ బరువు ముందుకు వాలి, వెనక చక్రాలు తేలికవుతాయి. షాక్ బాగుంటే తేలికైన చక్రం కూడా రోడ్డును వదలదు. అరిగిన షాక్ ఉంటే మలుపులో చిన్న గతుక్కే వెనక భాగం పక్కకు గెంతుతుంది. వెనక సీట్లో నిద్రపోతున్నవాళ్లకు అది తెలియకపోవచ్చు, స్టీరింగు పట్టుకున్న చేతులకు తెలుస్తుంది. కొత్తవి వేశాక మొదటిసారి దిగేటప్పుడు సెకండ్ గేరులో నిదానంగా రండి. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన ఎలాగూ ఉంది.

విప్పిన పాత షాక్‌లను పాత ఇనుము కొనేవాళ్లకు ఇచ్చేటప్పుడు గ్యాస్‌వైతే ఆ సంగతి చెప్పి ఇవ్వండి. లోపల ఒత్తిడి ఉంటుంది, గ్యాస్ కట్టర్ పెడితే పేలుతుంది. అది కోసే కుర్రాడికి ఎవరూ చెప్పి ఉండరు.